మిగిలిన మాత్రలు

"జ్వరమైతే మాత్ర వేసుకో. నువ్వు మంచమెక్కితే వంటెవరు చేస్తారు?" అంది నానమ్మ. కోపంగా కూడా కాదు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. ఆ పొద్దున అమ్మ ఒళ్ళు పెనంలా కాలుతోంది. అయినా బట్టలు పిండుతూనే ఉంది.

మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మందులు తెస్తారు. తగ్గాక మిగిలినవి ఒక డబ్బాలో పడతాయి. అమ్మకు జబ్బు చేస్తే ఆ డబ్బానే డాక్టరు. తెల్లవి నాన్న జ్వరానికి తెచ్చినవి, ఎర్రవి నా జలుబువి, పసుపువి నానమ్మ ఒళ్ళు నొప్పులవి. అమ్మకు మూడూ ఉన్నాయి కాబట్టి మూడూ వేసుకుంది. తగ్గలేదు. పనీ ఆగలేదు. మళ్ళీ వేసుకుంది. ప్రతిసారీ నీళ్ళూ డబ్బా తెచ్చిచ్చింది నేనే.

మర్నాడు పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. కుడి పక్కటెముకల కింద పట్టుకుని గోడవారన కూలబడింది.

"నాటకాలు. మా చెల్లెలు వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ ఇదే వరస," అన్నాడు నాన్న. మధ్యాహ్నం మంచినీళ్ళు కూడా కక్కేశాక గాని ఆటో పిలవలేదు. ఆటోలో నానమ్మ నా చెయ్యి గిల్లింది. "ఎన్ని మింగిందో చెప్పావంటే చావబోయిందని రాసుకుంటారు. పోలీసులొస్తారు. మీ నాన్న పరువేం కావాలి?"

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం మందులు వేసుకుంది? ఎన్ని?"

"రెండేనండీ, జ్వరం మాత్రలు," అన్నాడు నాన్న.

అమ్మ నాన్న వంక చూసి కళ్ళు మూసుకుంది. మాట్లాడే ఓపిక లేదు.

బడిలో హాజరు పలకడానికే నా గొంతు పెగలదు. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. ఇది కూడా రాసుకుంటే అమ్మ బతకదు. బయల్దేరేటప్పుడు సంచిలో వేసుకున్న ఖాళీ మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టాను.

"పదహారు. నిన్న పొద్దున్నుంచి."

డాక్టరమ్మ అట్టలు తిప్పి చూసింది. "రంగులే వేరు. మూడింటిలోనూ ఉన్నది పారాసిటమాలే. ఎక్కువైతే కాలేయం పాడైపోతుంది. రెండే అనుకునుంటే సెలైన్ పెట్టి పంపించేసేదాన్ని," అంది. వెంటనే రక్తం తీశారు. విరుగుడు మందు బాటిల్లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. నర్సమ్మ అమ్మ మీదికి వంగి, "కావాలనే మింగావా తల్లీ?" అని అడిగింది.

"లేదమ్మా. పనయ్యేదాకా నిలబడదామని."

ఆ మందు మర్నాటి దాకా ఎక్కుతూనే ఉంది. మూడో రోజు, కాలేయం కోలుకుంటోందన్నారు. నాన్న గుమ్మంలోనే నిలబడి, "బాగయిందిగా, పంపించెయ్యమను. గిన్నెలు తొట్టి నిండా ఉన్నాయి. మా చెల్లెలు ఏమనుకుంటుంది?" అన్నాడు. నానమ్మ నాతో మాట్లాడటం లేదు. "నోట్లో నాలుక లేదనుకున్నాం దీనికి. ఇంత పొడుగుంది," అని పక్క మంచం ఆవిడతో చెప్పింది.

వాళ్ళు టీకి వెళ్ళాక అమ్మ నా వేళ్ళు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను.

"పెళ్ళయ్యాక పగటిపూట పడుకోవడం ఇదే మొదలు," అంది పైకప్పు వైపు చూస్తూ, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఇంకో రెండు రోజులు ఉంచుతారేమో కనుక్కుంటావా?"

లేచి డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

"ఏమ్మా, అమ్మను ఇంటికి తీసుకెళ్తారా?" అంది.

"అప్పుడే వద్దండీ. అమ్మకింకా నొప్పి తగ్గలేదు," అన్నాను.

అమ్మకు నొప్పి తగ్గి రెండు పూటలైంది.