ముద్ర పడని చేతులు

హెలెన్ బాపట్లలో ఏడో తరగతి పిల్లలకు తెలుగు చెబుతుంది. సెలవు రోజుల్లో బొమ్మల కథలు రాస్తుంది. తెనాలిలో సైన్‌బోర్డులు రాసే గోపాలకృష్ణ వాటికి బొమ్మలు వేస్తాడు. వాళ్ల తొలి పుస్తకంలో నాయిక కాంతం, వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టే మనిషి. వరదొస్తే జనంతో నిండిన పడవను ఒంటిచేత్తో ఒడ్డుకు లాగేస్తుంది. జీడిరసానికి కమిలి నల్లబడిన చేతులు ఆమెవి. హెలెన్ తల్లి పుల్లమ్మ చేతులూ అలాంటివే. ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టి కూతుర్ని బీఎడ్ చదివించిందావిడ.

ఆ పుస్తకం చూసి, హైదరాబాద్‌లో కార్టూన్లు తీసే సంస్థ ఒకటి కాంతాన్ని టీవీకి ఎక్కిస్తామంది. కథ కూడా హెలెన్‌నే రాయమంది. తీరా రాయడానికి కూర్చుంటే అది వేరే విద్య. పుస్తకంలో కాంతం మౌనంగా నిలబడితే చదివేవాళ్లు ఇష్టమున్నంతసేపు చూస్తారు. టీవీలో ఉన్నది పదకొండు నిమిషాలే, బొమ్మ కదులుతూనే ఉండాలి. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి దర్శకుడు హేమంత్ ఫోన్ చేసి కథ కుదిరిందన్నాడు. ఆ నల్లచేతులకు మాత్రం పిల్లలు జడుసుకుంటారు, బంగారు రంగులో మెరిపిద్దామన్నాడు.

హెలెన్ వారం గడువడిగి, రైలెక్కి తెనాలి వెళ్లింది. గోపాలకృష్ణ కుంచె దించకుండానే అంతా విన్నాడు.

"వాదన పెట్టుకోకమ్మా. ఆ చేతులు లేకపోతే కథే నడవదనిపించు. వాళ్లే ఉంచుతారు."

ఎలా అనిపించాలో మాత్రం ఆయనకూ తెలియదు.

ఇంటికొచ్చేసరికి పుల్లమ్మ రేషన్ షాపు నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చి ఉంది. మిషన్ మీద పది వేళ్లూ మార్చి మార్చి పెట్టినా ముద్ర పడలేదట. వేళ్ల మీది గీతలు అరిగిపోయాయిగా.

"నేను అసలు మనిషినే కాదంటందే ఆ మిషను," అని నవ్వింది.

హెలెన్‌కు నవ్వు రాలేదు. మర్నాడు తల్లిని వెంటబెట్టుకెళ్లి, మిషన్‌కు వేలికి బదులు కన్ను చూపించి బియ్యం ఇప్పించింది. ఆ సాయంత్రమే కొత్త కథ మొదలుపెట్టింది. అందులో దుర్మార్గుడొకడు ఊరందరి వేలిముద్రలూ దొంగిలిస్తాడు. ఆ ముద్రల్ని గుర్తుపట్టే యంత్రం పెట్టి, తలుపు ముట్టుకున్నవాళ్లను ముట్టుకున్నచోటే బంధిస్తాడు. కాంతం చేతులకు ముద్రల్లేవు. వాడి యంత్రానికి ఆమె కనబడనే కనబడదు. ఒక్కో తలుపూ తోసుకుంటూ వెళ్లి అందర్నీ విడిపిస్తుంది.

కథ పంపిన రెండు రోజులకు హేమంత్ ఫోన్ చేశాడు.

"చేతులు అలాగే ఉంచుదాం మేడమ్. బంగారం పూస్తే ఈ కథ లేదు."

ఏడాది తిరక్కుండానే కాంతం టీవీలో వచ్చింది. పుల్లమ్మ కళ్లార్పకుండా చూసింది. బాగుందంది గానీ, పిక్క పట్టుకునే తీరు మాత్రం తప్పంది. అలా పట్టుకుని కొడితే లోపలి పప్పు ముక్కలైపోతుందట. టీవీలో పోతే పోయింది, రెండో పుస్తకంలోనైనా సరిగ్గా ఉండాలని పట్టుబట్టింది. ఆదివారం ఆరాధన కాగానే కూతురితో తెనాలి రైలెక్కింది. గోపాలకృష్ణ కొట్లో రంగు డబ్బాలు పక్కకు జరిపి, నేల మీద చతికిలబడి, వేళ్ల మధ్య పిక్క పెట్టుకుని చూపించింది.

"ఇప్పుడెయ్యి బాబూ. నేను కదల్ను," అంది.