మెట్లెక్కుతానన్నది నేనే

నాకు ముక్కు మీదే కోపమని మా వీధంతా అనుకుంటుంది. అనుకోనివ్వండి. కానీ మా తమ్ముడి మీద నాకు ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా కోపం రాలేదు. వాడికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే తెచ్చి నా ఇంట్లో పెట్టుకున్నాను. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాదే. "పెద్దకొడుకు ముందే పుట్టేశాడు, మంచిదే కదా," అని మా ఆయన నవ్వారు తప్ప మొహం మాడ్చుకోలేదు. వాడికి లెక్కలు నేర్పింది కూడా ఆయనే. గడియారం విప్పి, ఈ పళ్ళచక్రం ఒక్కసారి తిరిగితే ఆ చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పరా అని అడిగేవారు. వాడు టక్కున చెప్పేసేవాడు.

మా ఇల్లు కింది వీధిలో. ఆసుపత్రి, బ్యాంకు, మార్కెట్టు అన్నీ పైవీధిలో. పైకి వెళ్ళాలంటే నూట ఎనభై ఆరు మెట్లు, లేదంటే మెట్ల పక్కనే కొండకి ఆనించి కట్టిన మున్సిపాలిటీ లిఫ్టు. దాని తలుపు కిర్రుమంటుంది, గట్టి వాన పడితే అలిగి ఆగిపోతుంది. అయినా మా వీధికి అదే దిక్కు. నేను ఇస్త్రీ చేసిన డాక్టర్ల తెల్లకోట్ల మూటలు అందులోనే పైకి పోతాయి. పైన లిఫ్టు దిగగానే ఎదురుగా, ఇద్దరు నిలబడితే నిండిపోయే కొట్టు మా ఆయనది. అక్కడే గడియారాలు బాగుచేస్తారు.

నాలుగేళ్ళ కిందట ఆయన తుంటి ఎముక విరిగింది. సరిగ్గా అతకలేదు. చదునుగా ఉన్నచోట చేతికర్ర పట్టుకుని బాగానే నడుస్తారు కానీ మెట్టు మాత్రం ఒక్కటి కూడా ఎక్కలేరు. అంటే లిఫ్టు ఉంటే పొద్దున తొమ్మిదికల్లా కొట్టు తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని, వచ్చేపోయే వాళ్ళందరితో కబుర్లాడే మనిషి. లిఫ్టు లేకపోతే కిటికీ పక్కన కుర్చీలో కూర్చునే మనిషి. మధ్యలో ఇంకోటి లేదు.

లిఫ్టు మూసేస్తారన్న మాట చలికాలం నుంచీ నలుగుతోంది. మా తమ్ముడు మున్సిపాలిటీ ప్రణాళికా విభాగంలోనే పనిచేస్తాడు. వీధిలో ఎవరైనా బెంగపడితే, "మా వాడున్నాడు లెండి," అని నేను చెప్పేదాన్ని. బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని.

మే పన్నెండున మా ఆయన పుట్టినరోజు. ఆ మధ్యాహ్నం వాడు భోజనానికి వచ్చాడు. ఒక చేతిలో బావకి కొత్త భూతద్దం, ఇంకో చేతిలో ఫైలు. తినేసి నా ఇస్త్రీ బల్ల మీద ఫైలు పరిచాడు.

"లిఫ్టు ఉంచాలా తియ్యాలా అని లాభనష్టాలు బేరీజు వెయ్యమన్నారక్కా. ఇంకొకడి చేతిలో పడకుండా నేనే అడిగి తీసుకున్నాను."

నాకు వాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ముప్పై ఆరేళ్ళవాడు, పొట్ట కూడా వచ్చింది, బాగోదని ఊరుకున్నాను.

"మొదట ఒక గీత గియ్యాలి," అని వాడు బల్ల గుడ్డ మీద వేలితో గీసి చూపించాడు. "గీత లోపల ఉన్నవాళ్ళ లాభం, నష్టం లెక్కపెడతాం. బయట ఉన్నవాళ్ళని పెట్టం. అది పరిధి. తర్వాత, లిఫ్టు లేకపోతే ఏం జరుగుతుందో కొన్ని సంగతులు ముందే అనుకోవాలి. అవి అంచనాలు. మిగతా వంద పేజీలూ వాటి మీదే నిలబడతాయి."

"ఆ అనుకున్నవే తప్పయితే?" అన్నారు మా ఆయన.

"కూడికలు, తీసివేతల్లో మాత్రం తప్పుండదు బావా," అన్నాడు వాడు. ముగ్గురం నవ్వాం.

"ఆ గీతేదో మా ఇల్లు దాటించి గియ్యరా," అన్నాను.

"నువ్వు చెప్పాలా అక్కా," అన్నాడు.

తర్వాత పెన్ను తీసి, కొత్తవాళ్ళని అడిగినట్టు నన్ను అడిగాడు. "లిఫ్టు లేకపోతే మీరు పైవీధికి ఎలా వెళతారు?"

ఇక్కడే నేను నోరు జారాను. చిన్నప్పటినుంచీ నన్ను చూస్తున్నవాడు, నేను మూట నెత్తిన పెట్టుకుంటే నా కొంగు పట్టుకుని వెనకాల నడిచినవాడు, వాడి ముందు నావల్ల కాదని అనబుద్ధి కాలేదు. "ఎలా వెళ్ళడమేంట్రా? మెట్లెక్కుతాను. నాకేం రోగం?" అన్నాను.

"మరి బావ?"

"మీ బావని దుప్పట్లో మూటకట్టి నెత్తిన పెట్టుకుపోతాను. డాక్టర్ల కోట్లకంటే బరువా ఏంటి?"

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే రాసుకున్నాడు. వాడు రాసుకోవడం నేను చూశాను. అక్క పరాచికాలు వాడికి తెలియనివా అనుకున్నాను.

అంతటితో ఆగానా? వాణ్ణి వెంటబెట్టుకుని ముప్పై గడపలు తిప్పాను. ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా మా వీధివాళ్ళు తలుపు తియ్యరు. నా తమ్ముడని చెబితే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చేతకానివాళ్ళలా కనబడటం ఎవరికిష్టం? డెబ్బై దాటిన ట్యూషన్ టీచరమ్మ, "రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతాను బాబూ, ఆరోగ్యానికి మంచిది," అంది. ఆవిడ ఆరేళ్ళుగా మెట్ల మొహం చూడలేదు. బేకరీ ఆయన ఆయాసంతో రొప్పుతూనే, "మెట్లెంత, నాలుగు అంగలు," అన్నాడు. వాడు అందరివీ రాసుకున్నాడు. నేను పక్కన నిలబడి గర్వంగా చూశాను.

జులైలో సభ పెట్టారు, పైవీధి స్కూలు హాల్లో. మా వీధంతా లిఫ్టులో విడతలు విడతలుగా పైకెళ్ళింది. వేదిక మీద ఒక అధికారిణి, ఆమె పక్కన మా తమ్ముడు. వాడు నా వైపు చూడలేదు. పనిలో ఉన్నాడనుకున్నాను. అందరికీ పిన్ను కొట్టిన కాగితాలు పంచారు. అధికారిణి మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చదివేసింది. లిఫ్టు నడపడంవల్ల వచ్చే లాభంకంటే నష్టమే ఎక్కువ, కాబట్టి ఆగస్టు ఒకటి నుంచి మూసేస్తారు.

నేను మూడో పేజీ తిప్పాను. పైన "పరిధి, అంచనాలు" అని ఉంది.

నెలజీతం మీద ఉద్యోగానికి వెళ్ళేవారి ప్రయాణ సమయం మాత్రమే లెక్కలోకి తీసుకున్నారట. అంటే ఆ గీత మా ఇల్లు దాటలేదు. మా గుమ్మం దాకా కూడా రాలేదు. మూడో అంచనా: లిఫ్టు లేనప్పుడు కింది వీధివారు మెట్లు వాడతారు. నాలుగో అంచనా: మెట్లు ఎక్కలేనివారికి కుటుంబ సభ్యుల సహాయం అందుబాటులో ఉంటుంది, దీనికి ఖర్చు సున్నా.

సున్నా. అక్షరాల్లో రాసి, పక్కన అంకె కూడా వేశారు.

మా ఆయన చొక్కా జేబులోంచి పుట్టినరోజు భూతద్దం తీసి, పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాలు చదువుతున్నారు. చదివి, కాగితం నా ముందుకి జరిపి, వేలుపెట్టి చూపించారు. "పరిధి, అంచనాలు ఖరారైన తేదీ: ఏప్రిల్ 9. మే నెలలో జరిపిన ఇంటింటి విచారణలో స్థానికులు వీటిని ధ్రువీకరించారు." కింద మా తమ్ముడి సంతకం. సంతకం చివర తోకలాంటి గీత పెట్టడం వాడికి స్కూలు రోజులనుంచీ అలవాటు.

ఏప్రిల్ తొమ్మిది. వాడు నా బల్ల మీద వేలితో గీత గీసింది మే పన్నెండున. అప్పటికి నెల దాటింది ఆ గీత గీసేసి. వాడు నన్నేమీ అడగడానికి రాలేదు. రాసేసిన మాటకి నా నోటితో తందానా అనిపించడానికొచ్చాడు. అందుకు బావ పుట్టినరోజు చూసుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "మెట్లెక్కుతానన్నది నేనేనమ్మా. నవ్వులాటకి అన్నాను. ఈయన్ని మోస్తానన్నదీ నేనే. చూడండి ఈయన్ని, నేను మొయ్యగలనా?" అన్నాను.

హాలంతా మా ఆయన వైపు తిరిగింది. నలుగురిలో ఆయన్ని అలా చూపించినందుకు నాకు తల తీసేసినట్టయింది. టీచరమ్మ కూడా లేచి, "నేనూ అబద్ధం చెప్పాను," అంది సన్నగా.

అధికారిణి మర్యాదగానే మాట్లాడింది. "మీ ఇబ్బంది అర్థమైందమ్మా. కానీ అంచనాలు ఖరారయ్యాక మార్చడానికి లేదు. విచారణ జరిగినప్పుడే చెప్పి ఉండాల్సింది." అని పక్కకి తిరిగి, "అడిగారు కదా?" అంది మా తమ్ముడితో.

వాడు తలవంచుకుని, "అడిగామండీ," అన్నాడు.

బయట వరండాలో, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర వాణ్ణి పట్టుకున్నాను.

"పరిధి పైనుంచే రాసి ఇస్తారక్కా. నా చేతిలో ఏం లేదు," అన్నాడు.

"సంతకం ఎవరి చేతిదిరా?"

"నేను పెట్టకపోతే ఇంకొకడు పెట్టేవాడు."

"పెట్టనీ! ఆ ఇంకొకడు నా ఇంట్లో తిని నా గొంతు కొయ్యడు కదా. వాడికి ఈ ముప్పై గడపల్లో ఒక్క తలుపైనా తెరుచుకునేదా? నేను తెరిపించాను. నేను!"

వాడు గోడకేసి చూస్తూ, "నువ్వైనా ఎక్కలేనని చెప్పొచ్చుగా. చెబితే రాసేవాణ్ణి," అన్నాడు.

నేను అలా చెప్పనని వాడికి తెలుసు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. ఆ తెలిసిందే వాడికి పనికొచ్చింది.

ఆగస్టు ఒకటిన లిఫ్టుకి తాళం వేశారు. మొదటి మూడు రోజులు బేకరీ కుర్రాళ్ళిద్దరు మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. నాలుగో రోజు ఒకడికి నడుం పట్టేసింది. రెండోవాణ్ణి ఒక్కణ్ణే అడగడానికి మొహం చెల్లలేదు. ఐదో రోజు పొద్దున నేను మెట్ల ముందు వంగి, "ఎక్కండి," అన్నాను.

"వద్దే."

"ఎక్కమన్నానా!"

ఎక్కారు. చేతికర్ర నా మెడ ముందు అడ్డంగా పట్టుకున్నారు. నలభై రెండు మెట్ల తర్వాత మొదటి మలుపు. అక్కడిదాకా వెళ్ళాను. ఎలా వెళ్ళానో అడక్కండి. పైనుంచి దిగుతున్న పిల్లలు గోడకి ఒత్తుకుని దారి ఇచ్చారు. మలుపు దగ్గర నా మోకాళ్ళు వణకడం ఆయనకి తెలిసిపోయింది.

"దించు," అన్నారు నా చెవిలో. "ఇంక చాలు. దించెయ్యి."

దించాను. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఆయన అలవాటుగా చేతి గడియారం చూసుకున్నారు. కిందికి ఆయన కూర్చునే జరిగారు, ఒక్కో మెట్టూ, నలభై రెండూ.

కొట్టు సామాను నేనే దించుకొచ్చాను. పాడైన గడియారాలు తెచ్చిస్తానంటే వద్దన్నారు. కొత్త భూతద్దం సొరుగులో అడుక్కి తోసేశారు. ఇప్పుడు ఆయన కిటికీ పక్కన కూర్చుంటారు. అక్కడినుంచి లిఫ్టు తలుపూ, తాళం కప్పా కనబడతాయి. నేను మూటతో మెట్లెక్కుతున్నాను. ఎక్కుతాననే కదా చెప్పాను. మూడు ట్రిప్పులు వెళ్ళేదాన్ని ఇప్పుడు ఒక్కటే వెళుతున్నాను, అదీ మూడుచోట్ల ఆగి.

సెప్టెంబరు చివర ఒక ఆదివారం వాడొచ్చాడు. చెప్పులు బయట విడిచి, నేను రమ్మన్నదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. మా ఆయన వాణ్ణి చూసి, "బాగున్నావా?" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. ఆ మనిషి ముప్పై ఏళ్ళలో వాడితో రెండే ముక్కలు మాట్లాడి ఊరుకోవడం అదే మొదలు.

నేను ఇస్త్రీ ఆపలేదు. వాడు బల్లకి అటువైపు నిలబడ్డాడు. కోటు చేతుల మడత పోగొట్టి, కాలరు తిప్పి, ఇంకో కోటు తీసుకున్నాను. వాడే ముందు అడిగాడు.

"ఎలా ఉన్నావక్కా? చేసుకోగలుగుతున్నావా?"

మామూలుగా అయితే నాకేం రోగం అనేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వాడి మొహంలోకి చూశాను.

"లేదురా. నావల్ల కావడం లేదు. మోకాళ్ళు పోయాయి. మీ బావని నలభై రెండో మెట్టు దగ్గర దించేశాను. రాసుకో."

వాడి చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి వెళ్ళింది. జేబుకి పెన్ను ఉంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"రాసుకోరా," అన్నాను మళ్ళీ. "అడిగావుగా."