టేపు మొదట్లో పేర్లు

నాతో కలిసి కంపెనీ నడిపిన హోసియా పోయాక డబుల్ పోర్చ్ రికార్డ్స్‌లో మిగిలింది పాటలు రికార్డు చేసే నేనూ, కార్లు కడిగే షెడ్డు వెనక గది నిండా టేపులూ. సోమవారం మ్యూజియం వాళ్లు వచ్చి అన్నీ పట్టుకుపోతారు. మెంఫిస్ ఊరి ర్యాప్ పాట మా గదిలోంచే బయటికి నడిచిందట, టేపుల్ని అద్దాల బీరువాలో పెడతారట. అందుకే శనివారం పొద్దున్నే మిస్ వెర్లీన్ వచ్చింది.

ఆవిడ కొడుకు డెమెట్రిక్ మా దగ్గర పాడేవాడు. ఇరవై రెండేళ్లకే పెట్రోలు బంకు దగ్గర కాల్చి చంపారు. చావుకి ముందు వారం వాడు పాడిన పాట బయటికి రాలేదు. "భద్రంగా ఉంది" అని ఇరవై ఏడేళ్లుగా ఆవిడకి చెబుతున్నాను.

"ఆల్వెస్టర్, వాళ్లకంటే ముందు నేను వినాలి. పెట్టు."

"మిషను సరిగా లేదు, మిస్ వెర్లీన్."

"నిన్న మ్యూజియం పిల్లకి ఏదో టేపు వినిపించావటగా? చర్చిలో అందరికీ తెలుసు. మాటలు ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు దాచుకుంటావు. బయటికి తీసిన ఆ నాలుగు మాటలూ అబద్ధాలేనా?"

కుర్చీ తుడిచి వేశాను. ఆవిడ సంచీలోంచి పౌండ్ కేకు ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. "పాట అయ్యాక తిందాం."

మా దగ్గర ఒక పద్ధతి. ఎవరైనా పాటకి ముందు పేర్లు చెప్పాలి. వీధివాళ్లవి, జైల్లో ఉన్నవాళ్లవి, పోయినవాళ్లవి. అమ్మ పేరు చివర. ఆ తర్వాతే బీటు.

నిజం నా నోటితో చెప్పలేక టేపునే చెప్పమన్నాను. తిప్పాను. గరగర. తర్వాత దగ్గు.

"వాడే," అంది.

నేనే ఉలిక్కిపడ్డాను. మొదటి కాస్త టేపు చెరగకుండా మిగిలింది.

"ముందుగా ఆల్వెస్టర్ మావకి. నోరు తెరవడు గానీ మన నోళ్లన్నీ ఈయన చేతిలోనే. కార్వర్ వీధి వాళ్లకి. లోపలున్న ట్రెమెయిన్‌కి. ఇక చివరగా, మా—"

వేరే కుర్రాడి గొంతు దూకింది. వేరే బీటు.

"ఎవడు వీడు? నా కొడుకు పాట ఏది?"

"చెరిపేశాను. పూర్తికాని పాటల మీదే కొత్తవి ఎక్కించేవాళ్లం. వాణ్ణి పూడ్చిన మర్నాడు కొత్త టేపుల్లేవు. పాడటానికి కుర్రాళ్లు వచ్చి కూర్చున్నారు."

"పెట్టె మీద పేరు చూడలేదా?"

"చూశాను."

"హోసియా చెయ్యమన్నాడా?"

హోసియా మట్టిలో ఉన్నాడు. అవునంటే కాదనేవాడు లేడు.

"లేదు. నేనే."

ఆవిడ కుర్చీ మిషను దగ్గరికి జరుపుకుంది. "వెనక్కి తిప్పు."

తిప్పాను. మళ్లీ దగ్గు, మళ్లీ నా పేరు. "ఇక చివరగా, మా" దగ్గర ఆపాను. నాలుగుసార్లు అలాగే. అయిదోసారి నా చెయ్యి ఆలస్యమైంది, ఆ కుర్రాడు మళ్లీ దూకాడు.

"చాలు. సోమవారం వాళ్లకీ ఇదే చెప్పు. నీ నోటితో."

కేకు తిరిగి సంచీలో పెట్టుకుంది. మెట్ల దగ్గర చెయ్యి అందించాను. ఆవిడ కమ్మీ పట్టుకుని దిగింది.