మిట్ట మీది కంబళి

గొర్రె గిట్టలోంచి తుమ్మముల్లు పీకుతూనే నల్లప్ప రెండుసార్లు ఆకాశం వైపు చూశాడు. మూడోసారి చూసేసరికి గొర్రె విదిలించుకుని పోయింది.

"పో, నీకేం తెలుసు! ఈపొద్దు నల్లమ్మ మన నెత్తి మీదనే పోతాది," అన్నాడు దానితో.

ముదిగుబ్బ చుట్టూ గుట్టల్లో ముప్పై ఏళ్లుగా గొర్రెలు మేపుతున్నాడు. మంద ఈరోజు ఉన్నచోట రేపు ఉండదు. సంగటి తెచ్చే పెళ్లానికి తానెక్కడున్నాడో తెలియాలి కదా, అందుకని మిట్ట ఎక్కి దుడ్డుకట్టె చివర నల్ల కంబళి కట్టి పైకెత్తేవాడు. నల్లమ్మ దాన్ని చూసుకుని వచ్చేది. సంగటి పెట్టి, ఇంత దూరం నడిపించినందుకు నాలుగు తిట్లు తిట్టేది. ఆ తిట్లు లేనిదే అతనికి ముద్ద దిగదు.

హైదరాబాదులో కూతురు ఈశ్వరికి నెలలు నిండాయి. అక్కడే ఉద్యోగం చేసే పక్కింటి హీనా, సెలవు ముగించుకుని వెళుతూ నల్లమ్మకు కూడా విమానం టికెట్టు తీసింది. బెంగుళూరు నుంచి ఐదు వందల కిలోమీటర్లు గంటలో పోతామంది. నల్లమ్మ రానని మొండికేసింది. ఆకాశంలో తెలిసినవాళ్లెవరుంటారని ఆమె భయం.

"గంటంటే ఎంత మే? గొర్రెలు పండుకోని నెమరేసి లేసేంత సేపు," అన్నాడు నల్లప్ప. "నేను కంబళి ఎత్తుకోని ఉంటా. కిందికి సూడు."

ఆ మాట మీదే ఆమె తెల్లవారకముందే హీనాతో బెంగుళూరు బస్సెక్కింది. ఇప్పుడు నల్లప్ప దిగులంతా ఒకటే. కంబళి కనబడకపోతే పైన ఆమె ఎంత బెదిరిపోతుందో!

ఆమె కట్టిచ్చిన సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాడు. తిట్లు లేక చప్పగా ఉంది. ఇంతలో ఫోన్ మోగింది.

"ఎక్కినామయ్యా. బెల్టు కట్టినారు," అని పెట్టేసింది నల్లమ్మ.

మంద పడుకుని నెమరేస్తోంది. నల్లప్ప కంబళి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే మబ్బులు కమ్ముకొచ్చాయి. రెండేళ్లుగా మబ్బు కోసం మొహం వాచినవాడు ఈరోజు దాన్నే తిట్టాడు. పైనెక్కడో మోత వినిపించింది, విమానం కనబడలేదు. అయినా చేతులు పీకేదాకా కంబళి ఊపాడు. గొర్రెలు ఒక్కొక్కటే లేచి మేతకు కదిలాయి.

ఫోన్ మళ్లీ మోగింది. కట్టెను రాళ్ల మధ్య గుచ్చి అందుకున్నాడు.

"దిగినామయ్యా!"

"కంబళి కనపడిందా?"

"యాడ కనపడేది! కిటికీకి మొగం ఆనించి సూస్తి. కింద అంతా మబ్బే, ఉన్ని పరిసినట్ల."

"భయపడితివా మే?"

"ఎందుకు భయం? ఆ మబ్బు కింద నువ్వుండావు కదా. అంత మబ్బుండాదంటే వానొస్తాది. ఇంకా ఆడే నిలబడి ఊపుతాండావేమో, జీవాల్ని తోలుకోని ఇంటికి పో, ముసిలోడా!"

పొద్దుటి నుంచి కరువైన తిట్టు హైదరాబాదు నుంచి వచ్చి చేరింది. నల్లప్పకు ఎంత సంతోషమైందంటే, ముక్కు మీద తొలి చినుకు పడగానే పిల్లాడిలా కేక పెట్టాడు. తడుస్తూ, నవ్వుతూ మందను ఊరి దారి పట్టించాడు.

నెత్తిన కప్పుకోవాల్సిన కంబళి, మిట్ట మీద కట్టె చివరనే వానలో తడుస్తూ ఉండిపోయింది.