అందరూ పుట్టింటివారే

కోయంబత్తూరులో వెట్ గ్రైండర్ల దుకాణం నడుపుకొనే సుధాకరన్‌కు, ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్న ఒకానొక దుర్ముహూర్తాన, మహత్కార్యం మీదికి బుద్ధి మళ్లింది. తమ పూర్వులు ఉత్తరం నుంచి ఏరు దాటి ఈ దక్షిణదేశానికి వచ్చిన గాథను సినిమాగా తీయించాలి. దానికి స్క్రీన్‌ప్లే తానే రాయాలి. రాయి కొనవచ్చిన గృహిణులకు రాతి గుణగణాలు మాని దండయాత్రలు వర్ణించే దశకు అతడు చేరుకోగానే, భార్య మధుమిత కౌంటరు వెనక కుర్చీని స్వాధీనం చేసుకుంది.

"మీరు రాజ్యం ఏలుకోండి. కడలో బేరాలు నేను చూసుకుంటా" అంది.

మొదటి ప్రతి చక్రవర్తుల యుగం. అందులో వెయ్యి గుర్రాలు, వాటికి తగిన ధూళి ఉండేవి. విన్న నిర్మాతలు ఖర్చు తలచుకొని ఆవులించగా, రెండవ ప్రతిలో సామ్రాజ్యం పాలెగాళ్ల చేతికి వచ్చింది, గుర్రాలు నలభై. మూడవ ప్రతిలో గుర్రాలు కనిపించవు, డెక్కల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అయిదవ ప్రతి నాటికి మిగిలినవి ఒక కుటుంబం, ఒక ఏరు, ఒక పిల్ల. ఇటువంటిదాన్ని చరిత్రకారులు పతనమంటారు. సినిమావారు డెవలప్‌మెంట్ అంటారు.

విచిత్రమేమిటంటే, అన్నీ పోయాక కథ బాగుపడింది. ఎవరో రాజు వీరి పిల్లను అడిగాడు. ఇస్తామనలేక, ఇవ్వమనలేక, కులమంతా బండ్లు కట్టుకొని బయలుదేరింది. దారిలో ఏరు పొంగింది. అందరూ దాటారు. పిల్ల మాత్రం వెనకటి ఒడ్డునే 'కన్నెసామిగా నిలిచిపోయింది.' కన్నెగానే దేవతైన ఆమెకు ప్రతి ఆడినెలలోనూ, అంటే తమిళుల ఆషాఢంలో, చేటలో పుట్టింటి సారె పెడతారు. చిన్ననాటి నుంచి సుధాకరన్ విన్నది ఇంతే.

ఈ అయిదవ ప్రతికి దిండిగల్‌లో రాజయోగం పట్టింది. తాళాల వ్యాపారంలో స్థిరపడి, ఇక కళకు తలుపులు తెరుద్దామని చూస్తున్న ఆనంద్‌కుమార్ కథ చెప్పమని ఇంటికి పిలిచాడు. అతడూ వీరి కులంవాడే. మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, చెమర్చిన కళ్లతో ఆసాంతం విన్నాడు.

"సుధాన్నా, ఇది సుమ్మా ఊరికే ఆడిపోయే సినిమా పడం కాదన్నా, మన సామి కత. ఎవరు తీసినా తీయకపోయినా నేను తీస్తా."

సుధాకరన్ ఆ క్షణాన మేఘమండలంలో ఉన్నాడు. అక్కడి నుంచి అతణ్ణి దించినది ఆనంద్‌కుమార్ తల్లి వల్లియమ్మ. ఊయలబల్ల మీద తాంబూలం నములుతూ విన్న ఆమె చెయ్యెత్తింది.

"ఆగప్పా. ఆ పిల్ల మీ సిరిగండ్లవాళ్ల పొణ్ణని ఎవరు చెప్పినారు నీకు? ఆమె మా పసుపుగంటివాళ్ల ఆడబిడ్డ."

"అదెట్ల అత్తా? మా వాడిపట్టి పెద్దమ్మ ఏటేటా ఆమెకే గదా పుట్టింటి సారె పెట్టేది?"

"మేము పెట్టేది మరి పక్కింటామెకా?"

నిర్మాత తల్లితో వాదించి సినిమా తీసినవాడు చరిత్రలో లేడు. ఆరవ ప్రతిలో పిల్ల పసుపుగంటివారి ఇంట పుట్టింది. అంతలో పెట్టుబడిలో భాగస్వామిగా బోడినాయకనూరు ఏలకుల వర్తకుడు ఒకాయన చేరాడు. కన్నెసామి తమ ముత్తవ్వకు అక్క అని ఆయన చూచినట్టే చెప్పాడు. ఏడవ ప్రతిలో పిల్లకు ఇంటిపేరే లేకుండా పోయింది. అందరికీ తృప్తి కలిగింది. కథకు మాత్రం కొంచెం నీరసం వచ్చింది.

అప్పుడు ఆనంద్‌కుమార్ అసలు ప్రశ్న వేశాడు.

"అన్నా, క్లైమాక్స్‌లో 'నిలిచిపోయింది' అని రాసినావే, కెమెరామేన్ ఏం తీస్తాడు? బస్సుకు నిలిచినట్ల తీస్తాడా? ఎందుకు నిలిచె? ఎవరు విడిచిరి?"

తరాల తరబడి ఆ ఒక్క క్రియాపదం చాటున కులమంతా ఎండ తగలకుండా కూర్చుంది. కెమెరాకు అటువంటి మర్యాదలు తెలియవు. ఒకరు నిలిచిపోయారంటే తక్కినవారు నడిచి వెళ్లడం కూడా చూపమంటుంది.

"దారి నేను చెప్తా" అన్నాడు ఆనంద్‌కుమార్. "రాజు దళపతి ఒకడు ఏట్లో అడ్డం వస్తాడు. మనోళ్లు కొట్లాడతారు. ఆమె సామి అవుతుంది. విలన్ బయటోడు, నింద ఏ ఇంటి మీదా పడదు. బోడి ఏలకులాయన సరి అనేసినాడు. ఆడినెల పోతానే సంతకం. నువ్వు ఊ అను అన్నా, పడం మొదలు."

ఊ అంటే సినిమా. ఊహూ అంటే, మధుమిత దయ తలచి చోటిస్తే, మళ్లీ గ్రైండరు రాళ్లు. ఇంత సుబోధకమైన ధర్మసందేహం పురాణాల్లో కూడా అరుదు. అయినా సుధాకరన్ నోటి నుంచి ఆ 'ఊ' రాలేదు. సారె పూజ ముగించుకొని చెబుతానని వాడిపట్టి బస్సెక్కాడు.

వాడిపట్టిలో పెద్దమ్మ తిరుమలమ్మాళ్ చేట సిద్ధం చేస్తూ ఉంది. పెదనాన్న పోయినా ఆ ఇంటి పూజ ఆమె చేతి మీదనే నడుస్తున్నది. ఎర్ర పావడ, రవికగుడ్డ, గాజులు, పసుపు, మల్లెపూలు. ప్రతి వస్తువునూ కొత్తగా అత్తవారింటికి పోయే పిల్లకు సర్దినట్టు సర్దింది. సుధాకరన్ స్తంభానికి ఆనుకొని చూశాడు. ఇదే చేట దిండిగల్‌లోనూ సిద్ధమవుతూ ఉంటుంది. బోడిలోనూ అవుతుంది. తెలుగు మాట్లాడే ప్రతి వాకిట్లోనూ ఆమెకొక పుట్టిల్లుంది. ఇన్ని పుట్టిళ్లున్న ఆడపిల్ల భూమండలం మీద మరొకతె ఉండదు. మరి ఇన్ని పుట్టిళ్లుండి ఒడ్డున ఒంటరిగా ఎట్లా మిగిలింది? ఆమెను కన్నవారు ఊరూరా ఉన్నారు. విడిచి వచ్చినవారు ఒక్కరూ ఈ దేశానికి చేరలేదు కాబోలు!

అతడు లోపలికి పోయి, కూర్చొని, ఒకే ఊపున ఆ దృశ్యం రాశాడు. దళపతి లేడు. వెనుక రాజు మనుషులు వస్తున్నారు. వారు వచ్చింది పిల్ల కోసం. పిల్ల ఇక్కడే దొరికితే ఏరు దాటి వెంటపడరు. తండ్రి వెంకటసామికి ఈ లెక్క తెలుసు. అతడు పిల్లను ఒడ్డున దింపి, మాట లేకుండా, తల వంచుకొని బండి తోలుకు పోతాడు. ఆ తండ్రికి ఒక ఇంటిపేరు కావాలి. సుధాకరన్ కాస్త ఆగి, సిరిగండ్ల అని రాశాడు.

పూజ అయ్యాక పెద్దమ్మకు చదివి వినిపించాడు. ఆమె పూలమాలలో మిగిలిన దారం చుడుతూ వింది.

"మన ఇంటిపేరా పెట్టినావు?"

"పెట్టినాను పెద్దమ్మా. వద్దంటే తీసేస్తా."

ఆమె దాని సంగతి ఎత్తలేదు. "పోయేటప్పుడు ఆయన ఏం చెప్పి పోయె?" అని అడిగింది.

"ఏమీ చెప్పడు. మౌనం." ఆ మౌనం మీద అతనికి గొప్ప గర్వం, కాగితం మీద దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

"మౌనమా! మన మొగోళ్లా!" పెద్దమ్మ నోరారా నవ్వింది. "విడిచి పోయేవాడు ఊరకే పోడురా సామీ. మంచిమాట ఏదో చెప్పే పోతాడు. పెండ్లి అయినాక మా నైనా నన్ను ఈ ఇంట్లో విడిచి పోయేటప్పుడు బండి ఇరుసుకు నూనె పెడతా ఉండె. నా మొగం చూడలే. 'ఈడే ఉండు అమ్మణ్ణి. మూట గట్టిగా పట్టుకో. ఇదో, బండి తిప్పుకోని వచ్చేస్తాం' అనె. ఇంటి లోపల నిలబడినదానికి మూట ఎందుకు పట్టుకోమనెనో, ఈపొద్దుకీ తెలియలే నాకు."

"వచ్చినాడా?"

"వచ్చె. పెద్దోడు పుట్టినాక. చుట్టం మాదిరి వచ్చి, చుట్టం మాదిరి కాఫీ తాగి పోయె." దారపు ఉండ ఒడిలో వేసుకుంది. "మంచోడేరా ఆయన. నువ్వు ఆ మాట రాయి. పేరు గూడా ఉండనీ. ఏటేటా పావడ పెడతా ఉండామే, ఊరకేనా పెడతాం?"

చక్రవర్తుల చేత దీర్ఘసమాసాలు పలికించిన ఆ కలానికి, ఆ మూడు చిన్న వాక్యాలు దించుకొనేసరికి సాయంత్రమైంది.

మరునాడు దిండిగల్‌లో ఎనిమిదవ ప్రతి వినిపించాడు. సినిమా చేజారుతుందని తెలిసే వినిపించాడు. అందువల్ల అతని గొంతు మునుపటి ఏడుసార్ల కంటె నిదానంగా ఉంది. ముగియగానే ఆనంద్‌కుమార్ తల పట్టుకున్నాడు.

"విలన్ ఎక్కడన్నా?"

"ఇతడే తంబీ."

"ఇతడు నైనా గదా! బోడి ఆయన ఒప్పుకుంటాడా? జనం ఎవరిని తిట్టుకుంటా ఇంటికి పోతారు?"

ఊయల ఆగింది. వల్లియమ్మ తాంబూలం నమలడం మరచి ఉంది.

"ఆ మూట మాట ఇంకొకసారి చదువప్పా."

అతడు చదివాడు.

"ఆ మనిషి మీ ఇంటోడని ఎవరు చెప్పినారు నీకు?"

సుధాకరన్ సర్దుకొని కూర్చున్నాడు. ఆమె స్వరంలో వెనకటి తగవు లేదు.

"మా పాపను ఉడుమలైలో అత్తింట విడిచి వచ్చినప్పుడు వాళ్ల నైనా చెప్పింది ఇదే. వచ్చేస్తాం, ఇదో వచ్చేస్తాం అని. నేను పక్కనే ఉంటిని."

"అమ్మా, అక్క బాగానే ఉంది గదా ఆడ?" అన్నాడు ఆనంద్‌కుమార్ కంగారుగా.

"బాగా లేదని ఎవరన్నారు? నువ్వు ఊరుకో. ఏమప్పా, ఆ పేరు మార్చు. మా పసుపుగంటి పేరు పెట్టు."

"మార్చలేను అత్తా. అది మా పెద్దమ్మ ఉండనీ అన్న పేరు."

"పిల్లా మీదే, విడిచినోడూ మీవోడే అంటే, మేము ఈ దేశానికి ఏమి, ఎగిరి వచ్చినామా?"

"ఒక బండికి ఇద్దరు ఎట్లత్తా?"

"ఆ ఏటికి ఒక బండేనా వచ్చె?"

వీధిలో ఎవరో తాళం బిగించి, లాగి చూచుకొని వెళ్లిన చప్పుడైంది. ఆనంద్‌కుమార్ నీళ్లు తాగాడు.

"బోడి ఆయనకు నేనేం చెప్పేదమ్మా?"

"వాళ్లమ్మను అడిగి రమ్మను" అని వల్లియమ్మ ఊయలను కాలితో తోసింది.

ఆనంద్‌కుమార్ జేబులోని కలం తీసి సుధాకరన్ ముందు పెట్టాడు. అది సంతకానికో దిద్దుబాటుకో చెప్పలేదు. సుధాకరన్ దిద్దుబాటుకే తీసుకున్నాడు. తండ్రి బండి నీళ్లలోకి దిగిన చోట వాక్యం ఆపి, దాని కింద రాశాడు: 'వెనుక మరొక బండి. దాన్ని తోలే మనిషి పిల్లను చూచి నవ్వుతాడు. ఇదో, వచ్చేస్తాం అంటాడు.'

ఇంకా ఎన్ని బండ్లకు చోటు కావలసివస్తుందో తెలియక, మిగిలిన సగం కాగితం అట్లాగే ఖాళీగా వదిలాడు.