సంపూర్ణమ్మ పాసైన పరీక్ష

ఆరోన్‌ని సమాధి చేసిన రోజునే అతని తల్లి సంపూర్ణమ్మ చెవి మిషన్ పోయింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు ఆవిడను వాటేసుకుని ఊగి ఊగి ఏడ్చారు. ఆ ఊపుకి అది ఎక్కడ రాలిందో, ఎవరి కాలి కింద నలిగిందో తెలియదు. ఓదార్పు మాత్రం బాగా జరిగిందని అందరూ అనుకున్నారు.

కోడలు ప్రిస్కిల్లా హైస్కూలు టీచరు. తణుకు ఆసుపత్రికి తీసుకువెళుతుంటే అంబులెన్సులో ఆరోన్ ఆమెతో ఒక్క మాట అన్నాడు. "అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు." తల్లీ కొడుకూ మాటలు మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి ఇంటి గడప దాటలేదు. అది సైగలకు అందే మాట కాదు. రాసి చూపిద్దామంటే సంపూర్ణమ్మకు చదువు రాదు. అరిచి చెబుదామంటే పేటంతా వింటుంది. విని ఊరుకోదు, చీకటి పడేలోగా నాలుగు మాటలు కలుపుతుంది కూడా.

చర్చి సంఘం సెక్రటరీ సామ్యేలు గారు పూనుకుని కొత్త మిషన్ తెప్పించారు. ఇప్పుడు ఎక్కడికీ వెళ్లనక్కరలేదట. మిషన్ కొరియర్‌లో వస్తుంది, డాక్టరమ్మ ఫోనులో వస్తుంది.

ఆదివారం ఆరాధన కాగానే సగం సంఘం సంపూర్ణమ్మ ఇంటి వరండాలో దిగింది. ఫోను సామ్యేలు గారిది కాబట్టి పెత్తనమూ ఆయనదే. తెర మీద సారిక అనే అమ్మాయి కనబడి, మిషన్‌లోకి సన్నని కూతలు పంపుతాననీ, వినబడినప్పుడల్లా పెద్దావిడ చెయ్యెత్తాలనీ, దాన్నిబట్టే శబ్దం సరిచేస్తాననీ చెప్పింది. ప్రిస్కిల్లా అదంతా అత్తగారికి సైగలతో నేర్పింది. కూత వెళ్లినప్పుడల్లా ఫోనులో పచ్చచుక్క వెలుగుతోంది. అది సంపూర్ణమ్మకు తప్ప అందరికీ కనబడుతోంది.

మొదటి చుక్కకే సామ్యేలు గారు ఆవిడ మోకాలు తట్టారు. రెండో చుక్కకు పక్కింటి వీరదుర్గ తనే ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తేసింది.

ఎన్నో పబ్లిక్ పరీక్షలకు కాపలా కాసిన మనిషి ప్రిస్కిల్లా. "చెప్పకండి సెక్రటరీ గారూ. వినబడకపోతే వినబడలేదనే తెలియాలండి" అంది.

"అదేంటమ్మా, మన మనిషి ఫెయిలైపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?" అన్నారాయన నొచ్చుకుని.

సంపూర్ణమ్మ మాత్రం తక్కువదా? ఈలోగా ఎవరూ తట్టకుండానే, ఎదుటివాళ్ల మొహాలు చూసి చెయ్యెత్తడం పట్టేసింది.

ఇదంతా కాపీ అని చెప్పబోతూ ప్రిస్కిల్లా ఫోను వైపు వంగింది. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. ఈ వయసులో ఇంత మంచి వినికిడి అరుదని సారిక మెచ్చుకుని, శబ్దం బాగా తగ్గించి సెలవు తీసుకుంది. సామ్యేలు గారు ఫోటో తీసి, స్తోత్రం చేర్చి, సంఘం గ్రూపులో పెట్టారు.

అందరూ వెళ్లాక ప్రిస్కిల్లా తలుపు వేసి, అత్తగారి పక్కన కూర్చుని, మెల్లగా "అత్తయ్యా" అంది.

సంపూర్ణమ్మ ఆమె మొహంలోకి చూసి చెయ్యెత్తింది.

మర్నాడు ఫోను చేస్తే, నమోదైన నంబరు నుంచి అడిగితేనే మళ్లీ పరీక్ష పెడతామన్నారు మిషన్ కంపెనీవాళ్లు. ఆ నంబరు సామ్యేలు గారిది. అంత మంచి రిపోర్టు వచ్చాక మళ్లీ పరీక్షంటే సంఘానికి చిన్నతనం కాదా అని ఆయన అడిగారు.

ఆరోన్ చెప్పమన్న మాట ప్రిస్కిల్లా ఇంకా చెప్పలేదు.