నాయనమ్మ గీత

తాళాలమ్మ దుకాణంలో కొక్కేలు ఎత్తు పెరిగిపోయాయి. ఇది ఆవిడ అన్న మాట, మనం అన్నది కాదు. పళ్ళు కొయ్యని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడే ఆ కొక్కేలు దుకాణం పెట్టిన రోజు నుంచీ అదే గోడకి ఉన్నాయి. ఒకప్పుడు ఆవిడ కబుర్లు చెబుతూనే, వెనక్కి తిరగకుండానే, చెయ్యి చాచి కావలసిన గుత్తి దించేది. ఇప్పుడు మునివేళ్ళ మీద లేవాలి. పై వరసైతే స్టూలెక్కాలి. "పాతబడితే గోడలు కూడా పెరుగుతాయండీ," అని ఈమధ్యే ఒకాయనతో అంది. పాపం ఆయన ఇంటి తాళంచెవి పోగొట్టుకుని వీధిన పడ్డ మనిషి. వాదించే ఓపిక లేక తలూపి ఊరుకున్నాడు.

ఇంట్లోనూ ఇదే వరస. వంటింట్లో పై అర ఇంకా పైకి పోయింది. బాత్రూమ్ అద్దంలో ఇదివరకు మెడ దాకా కనబడేది, ఇప్పుడు గడ్డం దగ్గరే ఆగిపోతోంది. లోకంలో అన్నీ పెరుగుతున్నాయి, తను మాత్రం ఉన్నచోటే ఉంది. ఆవిడ లెక్క ఇది. కాదని అనే దమ్ము ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అలాంటిది, మొన్న ఆ స్టూలు కాస్తా జారింది. పడితే పడింది, మణికట్టు బెణికి ఊరుకుంది. కానీ పక్క కొట్టువాళ్ళు ఫోన్ చేసింది ఆవిడ మనవడికి. వాడు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రం ఆవిడ కొడుకు, బస్సు డిపోలో అందరి టైములూ చూసే మనిషి, తల్లి చేతికున్న కట్టు వంక చాలాసేపు చూసి, "అమ్మా, ఇక దుకాణం చాలించు," అన్నాడు.

"నువ్వెవరు చాలించమనడానికి?"

"అయితే ఆదివారం తాళంచెవులు తీద్దాం," అన్నాడు కొడుకు.

దీని వెనక ఒక సంగతి ఉంది. ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, తాళాలమ్మ భర్త, అప్పటికింకా బతికే ఉన్నాడు, ఆవిణ్ణి వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీదుగా ఆకురాయితో చెక్కమీద లోతుగా ఒక గీత గీశాడు. "ఈ గీత దాటినవాళ్ళే ఈ ఇంట్లో పెద్దవాళ్ళు," అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆవిడ దాన్ని శాసనం చేసేసింది. గీత దాటినవాళ్ళకి తనే స్వయంగా ఇంటి తాళంచెవి కోసిచ్చేది. తాళంచెవి ఉన్నవాళ్ళకే ఇంట్లో మాట. ఏదైనా తేల్చుకోవాలంటే భోజనాల బల్ల మీద ఎవరి తాళంచెవి వాళ్ళు పెట్టాలి. ఔనంటే కిటికీ వైపు, కాదంటే పొయ్యి వైపు. ఎటు ఎక్కువుంటే అటే.

కోడలు కాపురానికొచ్చిన మొదటి రోజే ఆవిణ్ణీ గుమ్మం దగ్గర నిలబెట్టారు. జుట్టు ముడి కాస్త పైకి వేసుకుని గోరంత తేడాతో గట్టెక్కింది. ముడి సంగతి అత్తగారు చూసింది, చూడనట్టే ఊరుకుంది. అప్పట్నుంచి ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఇక మనవడు. వాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. మీసం మొలవకముందే గీత దాటేశాడు. దాటి ఏం లాభం? ఇచ్చిన తాళంచెవల్లా పారేసుకునేవాడు. వాడికి కోసిచ్చిన తాళంచెవులతో ఊళ్ళో సగం మంది తమ ఇంట్లో దూరొచ్చని తాళాలమ్మ విసుక్కునేది.

మనవరాలి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పదిహేడేళ్ళు నిండాయి, ఇంటిల్లిపాదీ ఇప్పటికీ బుడంకాయ అనే పిలుస్తారు. తండ్రి బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో, గ్యాస్ ఎన్నాళ్ళొస్తుందో, అన్న ఏ బెంచీ మీద తాళంచెవి వదిలేసి ఉంటాడో, అన్నీ దానికే తెలుసు. బుద్ధి పరుగెత్తింది, ఎముకలు వెనకబడ్డాయి. ప్రతి పుట్టినరోజుకీ గుమ్మం దగ్గర నిలబడేది. ఈసారి పెన్సిలు గీత సరిగ్గా నిరుటి గీత మీదే పడింది. గీతకి ఇంకా రెండు వేళ్ళ కింద. డాక్టరు కూడా ఇంతేనన్నాడు, ఇక ఎదగదన్నాడు.

"పర్లేదులే నాయనమ్మా, కాలింగ్‌బెల్ బాగానే పనిచేస్తోందిగా," అంది బుడంకాయ నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక తాళాలమ్మ మొహం తిప్పుకుంది. కానీ నియమం నియమమే కదా.

ఆదివారం వచ్చింది. కొడుకు తన తాళంచెవి కిటికీ వైపు పెట్టాడు, అంటే దుకాణం మూసెయ్యాలని. నిచ్చెన కూడా తలెత్తకుండా అటే పెట్టాడు. "నాకు ఆ ఫోన్ ఇంకోసారి రాకూడదు," అన్నాడు, అంతే. తాళాలమ్మ తనది పొయ్యి వైపు ఠక్కున పెట్టింది. కోడలు కూడా పొయ్యి వైపే పెట్టి, "అత్తయ్య రోజంతా ఇంట్లో ఉంటే నా గరిటెలక్కూడా తాళాలు పడతాయి," అంది.

రెండూ రెండూ సరి. వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దామన్నాడు కొడుకు, పెళ్ళాం వంక ఓరగా చూస్తూ. ఆ చూపు తాళాలమ్మ కంట పడింది. చేతికి కట్టు కట్టింది కోడలే. వారం రోజులు చెవిలో జోరీగలా పోరితే ఆవిడ మాత్రం మెత్తబడదా? దుకాణం లేకపోతే తనెవరు? పొద్దున్నే లేచి దేనికి తల దువ్వుకోవాలి?

మర్నాడు బుడంకాయ ఎప్పటిలాగే కాలేజీ నుంచి దుకాణానికొచ్చింది. అది ఒంటిపూట కాలేజీ. ఆ పిల్ల పెరిగిందే ఆ కౌంటరు మీద. చిన్నప్పుడు పాత తాళంచెవులు వరసగా పేర్చి వాటికి పెళ్ళిళ్ళు చేసేది. షట్టరు దించే వేళకి మొహం దీనంగా పెట్టి, "ఇంకా ఐదు నిమిషాలు నాయనమ్మా," అనేది. "ఐదే," అనేది తాళాలమ్మ.

అప్పుడే ఎవరో బీరువా తాళంచెవి కావాలని వచ్చారు. పై వరసలోది. తాళాలమ్మ స్టూలు లాగబోయేలోపు బుడంకాయ చెయ్యి చాచి ఆ గుత్తి దించేసింది. ఎదురుగా గాజు తలుపులో ఇద్దరూ పక్కపక్కనే కనబడ్డారు. మనవరాలి నెత్తి తన నెత్తి కంటే పైనుంది. తాళాలమ్మ ముందు దాని కాళ్ళ వంక చూసింది. రబ్బరు చెప్పులు, పల్చటివి.

బుడంకాయ కూడా గాజులోకి చూసింది. చూసి, గబుక్కున గుడ్డ తీసుకుని కౌంటరు తుడవడం మొదలుపెట్టింది.

వచ్చిన మనిషి వెళ్ళిపోయాక, "ఎప్పట్నుంచి?" అని అడిగింది తాళాలమ్మ.

"ఏంటి?"

"నా దగ్గర నాటకాలొద్దు."

"నిరుటి నుంచి."

"మరి చెప్పలేదే?"

"నువ్వు నెపం కొక్కేల మీద పెడుతున్నావుగా. పోనీలే అనుకున్నా."

తాళాలమ్మ స్టూలు మీద చతికిలబడింది. ఒక్క మాటంటే గీత కిందికి దిగి తాళంచెవి చేతికొచ్చేది కదా, ఏడాదంతా బెల్లు కొట్టుకుంటూ తిరిగింది ఈ పిల్ల. ఎవరికోసం?

ఆ వారమంతా ఆవిడ కోసిన తాళంచెవులు సగం పాడయ్యాయి. బుర్ర ఇక్కడుంటేగా. బుడంకాయకి తాళంచెవి దక్కితే మూడు ఇటు, దుకాణం నిలబడుతుంది. అందులో అనుమానమే లేదు, అది తన చేతిలో పెరిగిన పిల్ల. కానీ అది దక్కాలంటే తను గుమ్మం దగ్గర నిలబడాలి, అందరి ముందూ, చెప్పులు విప్పి. నిలబడితే, చూశావా అమ్మా, ముసలిదానివైపోయావు అని కొడుకు చేతికి తనే కర్ర అందించినట్టు. ప్రతి పుట్టినరోజుకీ తననీ నిలబడమంటే మోకాళ్ళ నొప్పులనీ, పొయ్యి మీద పాలున్నాయనీ తప్పించుకు తిరిగింది ఇందుకే కదా. భయం వేసింది. నిజంగానే వేసింది.

ఆదివారం భోజనాలయ్యాయి. కొడుకు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగు," అంది తాళాలమ్మ. "ముందు నన్ను కొలవండి."

ఆవిడే లేచి, చెప్పులు విప్పి, గుమ్మానికి వీపు ఆనించి నిలబడింది. గడ్డం పైకెత్తింది, భుజాలు వెనక్కి లాగింది, ఎంత సాగగలదో అంతా సాగింది. నిచ్చెన స్కేలు నెత్తిన పెట్టి పెన్సిలుతో గీత గీశాడు.

పాత గీతకి నాలుగు వేళ్ళ కింద పడింది కొత్త గీత.

కొడుకు చూశావా అనలేదు. "అమ్మా," అన్నాడు, అంతే. వాడి మొహం చూస్తే, చిన్నప్పుడు సంతలో తప్పిపోయి దొరికిన రోజు మొహం గుర్తొచ్చింది ఆవిడకి.

"ఆ పైది ఎప్పటి మనిషో. నేనిది," అంది తాళాలమ్మ. "ఇప్పుడు దాన్ని నిలబెట్టండి."

బుడంకాయ నిలబడింది. కొత్త గీతకి రెండు వేళ్ళ పైన.

"అయితే రూలు ప్రకారం నాయనమ్మ ఇప్పుడు గీత కిందుందిగా, ఆవిడ మాట చెల్లుతుందా?" అని నిచ్చెన సందేహం వెలిబుచ్చాడు. వాళ్ళమ్మ వాడి వీపు మీద ఒకటిచ్చి ఆ సందేహం తీర్చింది.

తాళాలమ్మ చేతిసంచీలోంచి తాళంచెవి తీసింది. పొద్దున్నే కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, ఎర్రదారం కట్టి ఉంచింది. బుడంకాయ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని బిగించింది. కళ్ళు నిండిపోయాయి దానికి.

"ఇక పెట్టండి," అంది తాళాలమ్మ, గెలిచినంత ధీమాగా.

అటు రెండు, ఇటు రెండు. కోడలు మారలేదు, మహాతల్లి. అందరూ బుడంకాయ వంక చూశారు. అది ఎర్రదారం తాళంచెవిని తెచ్చి బల్లకి సరిగ్గా మధ్యలో పెట్టింది.

"మధ్యలో పెట్టకూడదు," అన్నాడు తండ్రి.

"ఎందుకు కూడదు? నా తాళంచెవే కదా," అంది బుడంకాయ. "దుకాణం మధ్యాహ్నం దాకా తెరుద్దాం. మధ్యాహ్నం నేనొచ్చి షట్టరు దించుతా. కొక్కేలు కిందికి దింపుదాం, స్టూలు ఇంటికి తెచ్చేద్దాం."

తాళాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "సగం రోజా? నేను కోసిచ్చిన తాళంచెవితో నాకే తాళం వేస్తావుటే?"

"నాయనమ్మా," అంది బుడంకాయ మెల్లగా, "ఇది నాకోసం కోశావా, నీకే ఇంకోటి కోసుకున్నావా?"

తాళాలమ్మ ఆ ఎర్రదారం వంక చూసింది. నిజమే కదా, ఈ పిల్లకి ఇచ్చింది మాట కాదు, తన మాటకి ఇంకో నకలు. వారమంతా అది తట్టనే లేదు. పైకి మాత్రం మూతి ముడుచుకుని కూర్చుంది. ముందు నిచ్చెన తన తాళంచెవిని మధ్యకి జరిపాడు. తర్వాత కొడుకు, ఆ తర్వాత కోడలు. అందరికన్నా ఆఖర్న, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, తాళాలమ్మ తనదాన్ని చిటికెనవేలితో అటు నెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బుడంకాయ కాలేజీ సంచీతో తిన్నగా దుకాణానికొచ్చి, షట్టరు లాగే ఇనప కొక్కీ చేతిలోకి తీసుకుంది. అప్పటికి దుకాణంలో పురుగు కూడా లేదు. అయినా తాళాలమ్మ కౌంటరు మీద పాత తాళంచెవులన్నీ పరిచి, చిన్నవి చిన్నవిగా, పెద్దవి పెద్దవిగా వరసలు పేరుస్తోంది. తలెత్తి మనవరాలి వంక చూసింది. ఇప్పుడు నిజంగానే తలెత్తి చూడాలి.

"ఇంకా ఐదు నిమిషాలు," అంది తాళాలమ్మ.

బుడంకాయ గడియారం చూసింది. కొక్కీ పక్కన పెట్టి, కౌంటరు మీదికెక్కి కూర్చుంది.

"ఐదే," అంది.